సీటు దగ్గరే సగం ఫోటో: రంగప్రవేశం చిత్రాలు ఎందుకు చెడతాయి?

రంగప్రవేశం, అంటే నాట్యం నేర్చుకున్న పిల్ల తొలి పూర్తి ప్రదర్శన, జరిగిన మర్నాడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడే ఫోటోల్లో ఒకటి దాదాపు అందరిళ్ళలోనూ ఒకేలా ఉంటుంది. నల్లటి తెర, మధ్యలో వేలెడంత అమ్మాయి. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ, చేతులు ఉండాల్సిన చోట పొగ. కింద మాత్రం, ముందు వరుసలో కూర్చున్న ఎవరో ఆవిడ జడలోని మల్లెపూలు రేకు రేకూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడి ఉంటాయి.

ఆ సాయంత్రం వెనక ఏళ్ళ తరబడి కూచిపూడి క్లాసులు, హాలు బుకింగు, పక్కవాయిద్యాల వాళ్ళతో రిహార్సల్సు, కుట్టించిన ఆహార్యం, చుట్టాల ప్రయాణాలు అన్నీ ఉంటాయి. ఫోటో చూశాక వచ్చే తీర్పు మాత్రం ఒక్క ముక్క: ఫోన్ కెమెరా బాలేదు. కెమెరా ఉన్నవాళ్ళయితే జూమ్ సరిపోలేదంటారు. రెండింట్లోనూ నిజం ఉంది కానీ అసలు కారణం అది కాదు. అలాంటి హాల్లో ఫోటోను చెడగొట్టేవి మూడు: చీకటి, కదలిక, దూరం. వెలుగు లైట్ మ్యాన్ చేతిలో ఉంది. కదలిక నాట్యం చేసే పిల్ల చేతిలో ఉంది. ఇంటివాళ్ళ చేతిలో ఉన్నది దూరం ఒక్కటే. దాన్నేమో ఎక్కువమంది ఏ సీటు ఖాళీగా ఉంటే ఆ సీటుకు వదిలేస్తారు.

ముందు వెలుగు సంగతి. వేదిక మీద లైట్లు జిగేల్‌మంటూ కనిపిస్తాయి. చుట్టూ హాలంతా చీకటి కాబట్టి అలా అనిపిస్తుంది. కన్ను చీకటికి అలవాటు పడిపోయి ఉంటుంది. లెక్కలో చూస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఓ మోస్తరు హాల్లో, మామూలు లైటింగుతో నాట్యకత్తె ముఖం మీద పడేది 300 లక్స్ అనుకుందాం. ఎండలో పడే దానికి అది మూడు వందల వంతుల్లో ఒక వంతు. పగలు పెరట్లో చక్కగా తీసిన కెమెరానే అక్కడ తడబడుతోందంటే దాని తప్పేమీ లేదు.

ఆ 300 లక్స్‌లో కెమెరాకు ఏం కావాలో చూద్దాం. కదిలే చేతులు ఆగినట్టు పడాలంటే షట్టర్, అంటే వెలుగు లోపలికి వచ్చే సమయం, 1/500 సెకను దగ్గర ఉండాలి. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే, లేదా చవకగా దొరికే 55-250 ఎంఎం తరహా జూమ్ లెన్సు చివరి దాకా లాగితే దాని అపెర్చర్ (వెలుగు దూరే కంత కొలత) ఎఫ్ 5.6. ఈ రెండూ కలిస్తే ఐఎస్‌ఓ (అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 12800 కావాల్సి వస్తుంది. అదే వెలుగులో ఎఫ్ 2.8 లెన్సుకు 3200 చాలు. ఎఫ్ 1.8 లెన్సుకు 1250. అపెర్చర్ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుగు మింగుతుందన్నది కెమెరా పట్టిన వాళ్ళందరికీ తెలిసిందే. తేడా ఇంత ఉంటుందని మాత్రం చాలామంది ఊహించరు: 5.6కీ 1.8కీ మధ్య దాదాపు పది రెట్లు.

ఇక్కడ ఒక అపోహ. దూరం వెళ్ళేకొద్దీ వెలుగు తగ్గి ఫోటో చీకటిగా వస్తుందని అనుకుంటారు. అలా జరగదు. అపెర్చర్, షట్టర్, ఐఎస్‌ఓ మార్చకుండా ఐదో మీటరు నుంచి తీసినా యాభయ్యో మీటరు నుంచి తీసినా పిల్ల ముఖం ఫోటోలో ఒకే కాంతితో పడుతుంది. కాకపోతే యాభయ్యో మీటరు నుంచి అది ఆవగింజంత పడుతుంది. దాన్ని పెద్దది చేయడానికి పొడవాటి లెన్సు కావాలి. పొడవాటి లెన్సుకు అంతే ధారాళంగా వెలుగు పట్టాలంటే ముందు గాజు కూడా అంత పెద్దదవ్వాలి. 300 ఎంఎం ఎఫ్ 2.8 లెన్సు లోపల వెలుగు దూరే కంత వెడల్పు లెక్క ప్రకారం 107 మిల్లీమీటర్లు, ఇంట్లో వాడే చిన్న స్టీలు గిన్నె మూతంత. అలాంటి లెన్సు ఖరీదు ఇంటి బడ్జెట్‌లో పట్టదు, బరువు పక్కసీటు వాళ్ళు భరించలేరు. దూరం ఫోటోను చెడగొట్టేది ఈ అడ్డదారిలో. చవక లెన్సులో పొడవు దొరుకుతుంది, గాజు దొరకదు.

ఇప్పుడు సీటు లెక్క. రవీంద్రభారతి అంత హాల్లో మధ్య వరుసల్లో కూర్చున్నవారికి వేదిక నడిమి భాగం 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అక్కడి నుంచి 250 ఎంఎం జూమ్ పెట్టి, కెమెరా నిలువుగా పట్టుకుంటే, మామూలు ఏపీఎస్‌సీ సెన్సర్ (ఎక్కువమంది ఇళ్ళలో ఉండే మధ్యరకం సైజు సెన్సర్) కెమెరాలో ఫ్రేము నిలువు ఎత్తు 1.9 మీటర్లు వస్తుంది. పిల్ల నిండుగా పడుతుంది, చేతులు పైకెత్తితే వేళ్ళు తెగుతాయి. ఎఫ్ 5.6, ఐఎస్‌ఓ 12800.

అదే కుటుంబం 10 మీటర్ల దూరంలో సీటు సంపాదించి, జూమ్ పక్కనపెట్టి, 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తగిలించిందనుకుందాం. ఇది అరచేతిలో పట్టే లెన్సు. జూమ్ చేయడానికి వీల్లేదు. ఫ్రేము ఎత్తు 2.8 మీటర్లు. పిల్ల తల నుంచి గజ్జెల దాకా, పైకెత్తిన చేతులతో సహా పడుతుంది; ఎక్కువున్న చోటు తర్వాత కత్తిరించుకోవచ్చు. ఐఎస్‌ఓ 1250 చాలు. కత్తిరించగా పోయేది పోను, పిల్ల దగ్గర్నుంచి లెన్సులోకి వచ్చిన వెలుగు మొదటి దానికన్నా నాలుగు రెట్లకు పైనే. తమాషా ఏమిటంటే, ఈ రెండు లెన్సుల్లోనూ వెలుగు దూరే కంత వెడల్పు ఇంచుమించు ఒకటే: ఒకదానికి 45 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 47. తేడా అంతా పది మీటర్లది. మంచి జూమ్ కోసం వేలు పోసే ముందు, హాలు ప్లాను తీయించి ఏ వరుస ఎన్ని అడుగుల దూరమో అడగడం మేలు అనేది అందుకే.

దగ్గరన్నారు కదా అని మొదటి వరుసలో కూర్చోకూడదు. వేదిక మనిషి నడుము ఎత్తున ఉంటుంది, కెమెరా కింది నుంచి పైకి చూస్తుంది. గడ్డం కింది భాగం, ముక్కు రంధ్రాలు పెద్దవవుతాయి. పాదాలేమో వేదిక అంచు వెనక దాక్కుంటాయి. మామూలు అంశాల్లో ఎలాగో సర్దుకోవచ్చు కానీ తరంగంలో కుదరదు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి జరిపే ఆ ఘట్టం కూచిపూడికి గుర్తింపు. పళ్ళెం కనపడని తరంగం ఫోటో చూసి అది తరంగమని ఎవరికీ తెలియదు. కళ్ళు వేదిక నేల కన్నా కాస్త పైకి వచ్చే వరుస కావాలి. చాలా హాళ్ళలో అది నాలుగో వరుస నుంచి ఎనిమిదో వరుస లోపల దొరుకుతుంది. నట్టనడిమి సీటు కంటే నడిచే దారి పక్క సీటు మంచిది, మోచేతులకు చోటుంటుంది, ముందు తలల మధ్య సందు దొరుకుతుంది. పక్కవాయిద్యాల వాళ్ళు ఏ వైపు కూర్చుంటారో ముందే కనుక్కుని, దానికి ఎదుటి వైపు చూసుకోవాలి. లేకపోతే ప్రతి ఫోటోలోనూ మైకు స్టాండు ఒకటి పిల్ల చెవిలోంచి మొలుస్తుంది.

కదలిక విషయంలో ఇంటివాళ్ళకు చేతకానిది ఉంది, చేతనైనదీ ఉంది. చేతకానిది, పిల్లను ఆగమనడం. జతిలో (తాళానికి తగ్గట్టు సాగే వేగమైన అడుగుల వరుసలో) చెయ్యి సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదిలిందనుకుంటే 1/125 సెకనులో అది 16 మిల్లీమీటర్లు జరుగుతుంది. రెండున్నర మీటర్ల ఫ్రేమును జానెడు పైచిలుకు ప్రింటు వేస్తే అది ఒకటిన్నర మిల్లీమీటర్ల గీత. ముక్కుపుడక కూడా ప్రింటులో అంత ఉండదు. 1/500లో అది అర మిల్లీమీటరుకు లోపే ఉంటుంది, కంటికి ఆనదు. లెన్సు మీద రాసి ఉండే స్టెబిలైజేషన్ ఇక్కడ పనికి రాదు. అది తీసేవాళ్ళ చెయ్యి వణుకును ఆపుతుంది కానీ ఆడేవాళ్ళ చేతిని ఆపదు. దుకాణాల్లో ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల మోసపోయినవాళ్ళు చాలామంది.

చేతనైనది వినడం. జతి ఎలా మొదలైనా, ముగింపుకు వచ్చేసరికి చాలాసార్లు అదే సొల్లు (తకధిమి లాంటి నాట్య అక్షరాల ముక్క) మూడుసార్లు తిరిగి వచ్చి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడుతుంది. పడిన చోట భంగిమ ఒక క్షణం నిలుస్తుంది. గురువుగారి తాళాల చప్పుడు అక్కడ తెగుతుంది. ఆ క్షణంలో 1/125 సెకను కూడా చాలు, ఐఎస్‌ఓ నాలుగో వంతుకు దిగుతుంది. ఈ అంశాలన్నీ ఇంట్లో హాల్లో సోఫాలు జరిపి ఏడాది పొడవునా సాధన చేసినవే. పక్కగదిలో బట్టలు మడతపెడుతూ అమ్మ వినీ వినీ, ఏ జతి ఎక్కడ ముగుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఎంత పెద్ద కెమెరా ఉన్నా అద్దెకొచ్చిన ఫోటోగ్రాఫర్‌కు ఆ చెవి లేదు. అతను మూడో తిప్పు అయ్యాక నొక్కుతాడు. అమ్మ మూడో తిప్పులో ఉండగానే నొక్కగలదు. బటన్ నొక్కడం రాదని ఆవిడ చేతికి కెమెరా ఇవ్వని ఇళ్ళు ఎన్నో. పక్కన కూర్చుని మోచేత్తో చిన్నగా తట్టినా చాలు.

ముఖం తెల్లటి మచ్చగా మారడానికి కారణం కదలిక కాదు, నల్ల తెర. కెమెరా తన ముందున్న దృశ్యాన్నంతా కలిపి, సగటున బూడిద రంగు వచ్చేలా వెలుగు సర్దుతుంది. ఫ్రేములో ముప్పాతిక వంతు నలుపుంటే, ఇదేదో మరీ చీకటిగా ఉందనుకుని అన్నీ పెంచేస్తుంది. తెర బూడిదవుతుంది, ముఖం తెల్లబోతుంది. పైగా అలా పెంచడానికి షట్టర్‌ను తగ్గిస్తుంది కాబట్టి చేతులు పొగవుతాయి. ఒకే పొరపాటుకు రెండు శిక్షలు. కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం) కిందికి దించితే చాలావరకు సరిపోతుంది. ఫోన్‌లో ముఖం మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. ఆ ఒక్క పని ఖరీదైన ఫోన్‌కూ మామూలు ఫోన్‌కూ ఉన్న తేడాను సగం చెరిపేస్తుంది.

నల్ల తెర పోయి ఇప్పుడు చాలాచోట్ల వెనకాల ఎల్‌ఈడీ వాల్ వస్తోంది. గుడి గోపురం, తిరిగే చక్రాలు, మెరిసే నక్షత్రాలు. అక్కడ కథ తిరగబడుతుంది. గోడే మనిషి కన్నా ఎక్కువ వెలుగుతుంది. కెమెరా దానికి సర్దుకుంటే పిల్ల నల్లటి నీడ. పైగా గోడలోని చుక్కల వరుసలూ సెన్సర్ చుక్కల వరుసలూ ఒకదానితో ఒకటి కలబడి పట్టుచీర మడతల్లాంటి అలలు పుట్టిస్తాయి. దీనికి తీసేవాళ్ళ దగ్గర మందు పెద్దగా లేదు. గోడ వెలుతురును సగానికి తగ్గించమని ముందే అడగాలి. నాట్యానికి ఆ గోడ అవసరమా అన్నది వేరే చర్చ కానీ, ఫోటోలకు మాత్రం అది శనిగ్రహం.

రంగు లైట్లది ఇంకో బాధ. పాత హాలొజెన్ లైట్లు పసుపుగా ఉన్నా చర్మం రంగు మిగిలేది. ఎల్‌ఈడీ ఎరుపు లేదా నీలం మాత్రమే పడినప్పుడు సెన్సర్‌లో ఒక్క రంగు గళ్ళు నిండిపోయి మిగతావి దాదాపు ఖాళీగా ఉంటాయి. కళ్ళు, కనుబొమలు, చెంపలు అన్నీ ఒకే ఎర్ర ముద్ద. కంప్యూటర్‌లో ఎంత సరిచేసినా లేని వివరం రాదు. రౌద్రానికి ఎరుపు ఉండాల్సిందే, కాదనలేం. కానీ ఎదురుగా ఒక్క తెల్ల లైటు సన్నగా వెలిగించి ఉంచమని లైట్ మ్యాన్‌ను అడిగితే రంగు రంగుగానే ఉంటుంది, ముఖం ముఖంలా పడుతుంది. కార్యక్రమానికి ముందు అతనితో టీ తాగుతూ మాట్లాడే ఐదు నిమిషాలు ఏ లెన్సుకూ తీసిపోవు.

ఫోటోలో అడ్డంగా చారలు పడుతున్నాయంటే లైట్ల మినుకు పట్టుబడిందన్నమాట. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే మామూలు లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, వేగమైన షట్టర్‌కు తెలుస్తుంది. షట్టర్‌ను 1/100కు తెస్తే చారలు పోతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి స్కూలు ఆడిటోరియంలో రంగప్రవేశం పెట్టుకున్న కుటుంబాలు 1/120 చుట్టూ చూసుకోవాలి. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన సెట్టింగు అక్కడ పనికిరాదు. చవక ఎల్‌ఈడీల మినుకు ఇంకా వేగంగా, ఒక పద్ధతి లేకుండా ఉంటుంది. వాటి కింద సైలెంట్ షట్టర్ పెడితే చారలు మరీ ఎక్కువ. చప్పుడైనా మెకానికల్ షట్టరే నయం, మృదంగం మోగుతున్నప్పుడు ఆ టిక్కు ఎవరికీ వినపడదు.

ఐఎస్‌ఓ పెంచితే గ్రెయిన్స్ (ఇసక రేణువుల్లాంటి చుక్కలు) వస్తాయన్న భయం చాలామందికి ఉంది. ఆ భయంతోనే 800 దగ్గర ఆగిపోయి, షట్టర్‌ను 1/30కు దించి, సాయంత్రం మొత్తాన్ని షేక్ చేసుకుంటారు. గ్రెయిన్స్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు, రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే పచ్చి ఫైలు) ఉంటే ఇంకా బాగా. చిన్న ప్రింటులో అవి అసలు కనపడవు. షేక్ అయిన చేతిని నిలబెట్టే మార్గం లేదు. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచుకుందామన్నా అవే గ్రెయిన్స్ ఇంకా ముతకగా పైకొస్తాయి. కావలసిన షట్టర్ ముందు ఖాయం చేసుకుని, ఐఎస్‌ఓ ఎంతకు పోతే అంతకు పోనివ్వడమే సరైన వరుస.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. ఫోన్ ప్రధాన కెమెరాలో వెలుగు దూరే కంత నాలుగు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కెమెరా లెన్సు 47 మిల్లీమీటర్ల పక్కన అదెంత? నైట్ మోడ్ ఆ లోటును సెకను, రెండు సెకన్లు వెలుగు పోగేసి పూడుస్తుంది. గోడకు అది పనిచేస్తుంది, నాట్యానికి పనిచేయదు. 5ఎక్స్ జూమ్ ఉందన్న ధీమా కూడా చీకట్లో నిలవదు. చాలా ఫోన్లు వెలుగు తక్కువైతే జూమ్ లెన్సును మూసేసి, ప్రధాన కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి. పరీక్ష తేలిక: 5ఎక్స్ పెట్టి, వెనక జూమ్ లెన్సు మీద వేలు అడ్డం పెట్టండి. తెర మీద బొమ్మ చెక్కుచెదరకపోతే ఆ లెన్సు పనిలో లేదన్నమాటే. అలాంటప్పుడు ఫోన్‌ను ముందు సీటు వీపు మీద ఆనించి 4కె వీడియో తీయడం మెరుగు. ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెళ్ళు. జతి ముగిసి నిలబడిన చోట ఆపి బొమ్మ తీసుకుంటే పోస్టుకార్డు సైజు ప్రింటుకు హాయిగా సరిపోతుంది.

ఇక ఫ్లాష్. మొదటి ఫోటోలోని మల్లెపూలు దాని పుణ్యమే. రెండు మీటర్ల దూరంలో ఉన్న తల మీద పడే ఫ్లాష్ వెలుగుతో పోలిస్తే 20 మీటర్ల దూరంలోని నాట్యకత్తెకు అందేది వందో వంతు. పళ్ళెం అంచు మీద నిలబడిన పిల్ల కళ్ళలో పడి చేసే చెరుపు మాత్రం వందో వంతు కాదు. ఫ్లాష్ ఆపినవాళ్ళు కూడా మరచిపోయేది ఇంకోటుంది: చీకట్లో ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న దీపం. మెనూలో వెతికి దాన్నీ ఆపాలి.

ఇవన్నీ కుదరకపోతే? కార్యక్రమానికి ముందు రోజో, అదే రోజు పొద్దునో వేదిక మీద రిహార్సల్ ఉంటుంది. అవే లైట్లు, అదే వేదిక, ఖాళీ సీట్లు. ఎక్కడ నిలబడినా ఎవరూ అడగరు. ఐదు మీటర్లకు వెళ్ళొచ్చు. ఆహార్యంతో ఒక్క అంశం చేయించమని గురువుగారిని ముందుగా అడిగితే చాలామంది కాదనరు. వృత్తి ఫోటోగ్రాఫర్లు ఈ గంటను వదలరు. ఇంటివాళ్ళు ఆ టైములో పూలూ, ప్రసాదం ప్యాకెట్లూ చూసుకుంటూ ఉంటారు.

హాలంతా లేచి వెళ్ళిపోయాక కూడా వెలుగు ఒకచోట ఉంటుంది. గ్రీన్ రూమ్ అద్దం చుట్టూ బల్బులు, రెండు మీటర్ల దూరంలో పిల్ల, ఒళ్ళో పాదం పెట్టుకుని గజ్జెల తాడు ముడులు విప్పుతున్న అమ్మమ్మ. అక్కడ పరుగు లేదు, జూమ్ అక్కర్లేదు, ఫోన్ ప్రధాన కెమెరా చాలు. గజ్జెలు తీశాక చీలమండ చుట్టూ మిగిలిన ఎర్రటి తాడు గుర్తులు కూడా పడతాయి.